పన్నెండో ఫోటో

మందార మొక్క మీద నీళ్ళు చిలకరించి, ఆకుల మీది తడి జారిపోకముందే నాలుగు ఫోటోలు తీసి, "ఊఁ, తర్వాతది పెట్టండి" అన్నాడు ప్రసన్నకుమార్. నర్సరీలో పనిచేసే లోవరాజు ఆ మొక్కను పక్కకు జరిపి, నందివర్ధనాన్ని తెచ్చి నల్లగుడ్డ ముందు నిలబెట్టాడు. దాని తర్వాత దేవగన్నేరు, ఆ తర్వాత రెండు రకాల క్రోటన్లు. ఎండ ఎక్కితే ఆకులు తెల్లబోతాయి కాబట్టి ఏడున్నరలోపు ముప్ఫై రకాలూ పూర్తి కావాలి. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఒకాయన ఫోనులో ఈ ఫోటోలు చూసుకుని, ఇవి రెండు వందలు, అవి ఐదు వందలు అని చెబితే సాయంత్రానికి మొక్కలు లారీ ఎక్కుతాయి.

మొక్కల ఫోటోలంటే ప్రసన్నకుమార్‌కి ఇష్టమే. మొక్క రెప్ప వేయదు, తల వంచదు, నల్లగా పడ్డానని దెబ్బలాడదు. చిగురు పైకి, మట్టి కవరు కిందికి. ఫోటో కింద నర్సరీ పేరు ఉంటుంది, మొక్క పేరు ఉంటుంది, తీసినవాడి పేరు ఉండదు. ముప్ఫై ఏళ్ళలో ఆ సంగతి అతనికి ఎప్పుడూ తట్టనే లేదు. ఈ మూడు నెలల నుంచే తడుతోంది.

"ఏంటండీ బాబూ, ఇవాళ మాటా పలుకూ లేదు?" అన్నాడు లోవరాజు.

"ఏం లేదండి. కొట్టు దగ్గర పనుంది."

పని ఉన్నమాట నిజమే. ఇవాళ సాయంత్రం ఆరు లోపల ఒక కాలేజీకి ఫోటో పంపాలి. అది కుదరకపోతే ఆ అవకాశం ఆశాజ్యోతి చేతిలోకి, అంటే ఆవిడ చేతిలో ఉన్న సెల్‌ఫోనులోకి పోతుంది. అది తలుచుకుంటేనే ప్రసన్నకుమార్‌కి కడుపులో కుంపటి పెట్టినట్టుంది.

అసూయ అనేది యాభై మూడేళ్ళు వచ్చేదాకా అతని దరిదాపులకు రాలేదంటే నమ్మాలి. పక్క ఊళ్ళో పెద్ద స్టూడియోలు వెలిసినప్పుడు ఏడవలేదు. అతని దగ్గర లైట్లు పట్టుకున్న కుర్రాళ్ళు డ్రోన్లు కొనుక్కుని పెళ్ళిళ్ళకి తిరుగుతుంటే, "బాగుపడనీ" అనుకున్నాడు. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, రేషన్ కార్డు ఫోటోలు, చనిపోయినవాళ్ళ ఫోటోలు పెద్దవి చేసి చుట్టూ పూలదండ వేసి ఇవ్వడం, పొద్దున్నే మొక్కలు. దీంతో ఇల్లు గడిచింది, కూతురి పెళ్ళయింది, భార్య రామలక్ష్మికి ఏ లోటూ లేదు. నిమ్మకు నీరెత్తినట్టు ఉండే మనిషి. అలాంటివాడు ఇప్పుడు ఒక స్కూలు టీచరమ్మను చూసి కుళ్ళుకుంటున్నాడు. కుళ్ళుకుంటున్నానని అతనికి తెలుసు కూడాను. తెలిసినంత మాత్రాన తగ్గే జబ్బు కాదది.

కడియంలో కాలవ వంతెన దిగగానే అతని స్టూడియో. దాని పక్కనే, మధ్యలో ఒక్క ఇటుక గోడ అడ్డంగా, రాజరత్నం రిపేరు కొట్టు. రాజరత్నానికి అరవై రెండేళ్ళు. సన్నటి మనిషి, కళ్ళజోడు కాడకి నల్లదారం చుట్టి ఉంటుంది, చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరు. మిక్సీలు, ఫ్యాన్లు, రేడియోలు, సెట్‌టాప్ బాక్సులు, రిమోట్లు, ఏదైనా సరే నేల మీద చాప వేసుకుని కూర్చుని విప్పుతాడు. అందరు కొట్టువాళ్ళలా రోడ్డుకేసి తిరిగి కూర్చోడు. వీపు రోడ్డువైపు, ముఖం లోపలికి. వెలుతురు భుజాల మీదుగా పని మీద పడాలని అలా. అందుకని గిరాకీలు ఆయన వీపుతో మాట్లాడాలి. "రత్నంగారి వీపుక్కూడా రిపేరొచ్చండీ" అని ఊళ్ళో హాస్యం.

విప్పిన ప్రతి ముక్కనీ ఎదురుగా పరిచిన తెల్లటి దుప్పటి ముక్క మీద పెడతాడు. గుట్టగా పోయడు. దేని చోటు దానికి ఉంటుంది. చిన్నవి ఓ వరసలో, వాటి పక్కన కొంచెం పెద్దవి, మధ్యలో మోటారో బోర్డో. ఆయన విప్పుతుంటే చూడ్డానికి బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా వచ్చేవారు. ఇరవై రెండేళ్ళ నుంచి ప్రసన్నకుమార్ ఆయన వీపు వెనకాల నిలబడి ఎన్ని వందలసార్లు చూశాడో లెక్కలేదు. దాన్ని ఫోటో తీయాలని మాత్రం ఒక్కసారీ అనిపించలేదు. ఇంత పెద్ద కెమెరా మెడలో వేసుకుని తిరిగేవాడికి తట్టనిది ఆశాజ్యోతికి తట్టింది. మొదటి మంట అక్కడ పుట్టింది.

ఆశాజ్యోతి రాజరత్నం తమ్ముడి కూతురు. రాజమండ్రిలో హైస్కూలు పిల్లలకి సైన్సు చెబుతుంది. వేసవి సెలవుల్లో వచ్చి, పెదనాన్న విప్పిపెట్టిన రేడియోని పైనుంచి ఫోనుతో ఒక ఫోటో తీసింది. మన ఇంట్లో వస్తువుల కడుపులో ఏముంటుందో పిల్లలకి చూపించడానికట. తర్వాత ఇస్త్రీపెట్టె, తర్వాత టీవీ రిమోటు, గోడ గడియారం, పాత సెల్‌ఫోను. ఆ ఫోటోలు టీచర్ల గ్రూపుల్లో తిరిగి తిరిగి కాకినాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళ కంటబడ్డాయి. కొత్త బిల్డింగులో పెద్ద హాలు గోడకి ఇలాంటివి పన్నెండు కావాలన్నారు. ఒక్కొక్కటి తలుపంత సైజులో పెడతారట.

అదీ పోనీలే అనుకున్నాడు ప్రసన్నకుమార్. పోనీలే అనుకోలేని సంగతి ఇంకొకటుంది.

ఆవేళ ఆ పిల్ల మొదటి ఫోటో తీసి ఫోను పెదనాన్నకి చూపించింది. రాజరత్నం కళ్ళజోడు సవరించుకుని, కాసేపు చూసి, "కుదిరిందమ్మా" అన్నాడు. గోడకి ఇవతల ఆ మాట ప్రసన్నకుమార్ చెవిన పడింది.

ఇరవై రెండేళ్ళలో అతను రాజరత్నానికి చూపించని ఫోటో లేదు. ధవళేశ్వరం బ్యారేజీ మీద పొద్దుగుంకడం చూపించాడు. పట్టిసీమ గుడి వరద నీళ్ళ మధ్య ఉన్నప్పుడు పడవెక్కి వెళ్ళి తీసింది చూపించాడు. అన్నిటికీ "బాగుందండి" అన్నాడు రాజరత్నం. బాగుంది అని ఆయన టీకి కూడా అంటాడు, గాలికి కూడా అంటాడు. కుదిరింది అన్న మాట వేరు. రిపేరు పూర్తయి, చివరి మర బిగించి, కరెంటిచ్చి, చెవి దగ్గర పెట్టుకుని, చప్పుడులో ఏ తేడా లేదని తేలాక, అప్పుడంటాడు. రోజుకి రెండుసార్లో మూడుసార్లో వినబడుతుంది గోడ అవతల. ఆ మాట మనుషులకి గాని, ఫోటోలకి గాని ఆయన వాడగా ప్రసన్నకుమార్ వినలేదు. విన్నది అదే మొదలు, అది వెళ్ళి పదకొండు వేల రూపాయల ఫోనుకి తగిలింది.

తర్వాత ఒక రాత్రి ఆ ఫోటోలన్నీ తెప్పించుకుని కంప్యూటరులో పెద్దవి చేసి చూశాడు. అంచులు పలచబడ్డాయి, రంగు పసుపు కొట్టింది, నీడల్లో ఇసక పోసినట్టుంది. ఆ తప్పులన్నీ చూస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేం. రామలక్ష్మిని పిలిచి మరీ చూపించాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి, "ఎంత ముచ్చటగా ఉందండీ" అని వెళ్ళిపోయింది.

పదకొండు ఫోటోలు ఫోనుతోనే అయ్యాయి. పన్నెండోదాని దగ్గర ఆశాజ్యోతి, "ఇది మీరు తియ్యండంకుల్. మీరు ప్రొఫెషనల్ కదా" అంది. మంచిగానే అంది. ఆ 'కదా' మాత్రం ఇప్పటికీ అతని గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. వారం రోజుల్లో నాలుగు వస్తువులు తీసి పంపాడు. నాలుగూ తిరిగొచ్చాయి. "క్లారిటీ చాలా బాగుందండి. కానీ మిగతా పదకొండిటితో కలవట్లేదు. ఏవో గుంటలు పడ్డట్టు కనబడుతుంది" అన్నారు కాలేజీవాళ్ళు. ఏం గుంటలో అతనికి అర్థం కాలేదు. అదే వస్తువు, అదే గుడ్డ, సర్దింది అదే మనిషి. ఆ పిల్లకి మాత్రం పెదనాన్న ఏదో ప్రత్యేకంగా సర్దిపెడుతున్నాడని, తనకి పైపైన సర్దుతున్నాడని అతనికి ఒక అనుమానం పట్టుకుంది. రక్తసంబంధం మరి.

కొట్టు తెరిచేసరికి తొమ్మిదయింది. పింఛను కాగితాలకి ఫోటో కావాలని ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు. "గెడ్డం కొంచెం పైకెత్తండి. కళ్ళు తెరవండి. ఇంకొంచెం" అంటూనే ప్రసన్నకుమార్ చెవులు గోడవైపు పెట్టాడు. అవతల స్క్రూలు తిప్పుతున్న చప్పుడు.

ఇవాళ్టి వస్తువు రత్తమ్మ మిక్సీ. రత్తమ్మ సంతలో చేపలమ్ముతుంది. చేపతోపాటు అల్లం వెల్లుల్లి ముద్ద కూడా పొట్లాలు కట్టి అమ్ముతుంది కాబట్టి మిక్సీ ఆవిడకి కుడిచెయ్యి. నిన్న సాయంత్రం తెచ్చిపెడుతూ, "రేపు రెండు గంటలకల్లా ఇచ్చేయాలండి రత్నంగారూ, మీకు పుణ్యముంటాది" అంది.

పదకొండింటికి పిలుపొచ్చింది. "విప్పేనండి ప్రసన్నగారూ. వచ్చేయండి."

స్టాండూ స్టూలూ కెమెరా మోసుకుని వెళ్ళాడు. రోడ్డువైపు గుమ్మంలో ఎప్పటిలాగే స్టూలు వేశాడు. రాజరత్నం వంగి ఇంకా సర్దుతున్నాడు. ఇవాళ ఆయన చెయ్యి నెమ్మదిగా ఆడుతోంది. చొక్కా వీపంతా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మధ్యమధ్యలో ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు.

"చెయ్యి లాగుతుందండి పొద్దుట్నించీ. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు" అన్నాడు తలెత్తకుండానే.

"అవునాండి" అన్నాడు ప్రసన్నకుమార్. అతని చూపు గుడ్డ మీద పడుతున్న వెలుతురు మీద ఉంది. "కొంచెం తొందరగా కానివ్వండి మరి. ఎండ జరిగిపోతుంది."

ఆ మాట తర్వాత ఎన్ని రోజులు అతన్ని తిన్నదో చెప్పడం కష్టం. అప్పుడు మాత్రం నోట్లోంచి మామూలుగానే వచ్చింది.

రాజరత్నం చివరి ముక్కేదో పెట్టి, పెట్టినదాన్ని వేలితో రవ్వంత జరిపి, లేచి పక్కనున్న ఇనప బీరువాకి చేరగిలబడి కూర్చున్నాడు. "పాపం, మీరెప్పుడూ ఆ గుమ్మంలోనే నిలబడతారు. ఈసారికి లోపలికి రండి. అటెళ్ళి చూడండి."

"ఇక్కణ్ణించే బాగుందండి."

అలా అనడానికి కారణం ఉంది. సర్దినవాడు ఎటునుంచి చూస్తూ సర్దాడో ఫోటో అటునుంచే తీయాలని అతని లెక్క. అందుకే రాజరత్నం కూర్చునేచోటికి సరిగ్గా వెనకాల, ఆయన కళ్ళతో చూస్తున్నట్టుగా నిలబడతాడు. ఇంకో కారణం చెప్పుకోవడానికి బాగుండదు. ఇరవై రెండేళ్ళలో అతను ఆ కొట్టు లోపలికి వెళ్ళింది తక్కువ. ఏటా చర్చిలో కోత పండగ వస్తే రాజరత్నం స్వయంగా వచ్చి, "మా పేటకి రండి ప్రసన్నగారూ, భోజనం అక్కడే" అని పిలిచేవాడు. ఏటా ప్రసన్నకుమార్‌కి ఆ రోజే ఏదో పెళ్ళి ఆర్డరు ఉండేది. తన తల్లి ఉన్నన్నాళ్ళూ ఆ పేటలో తినడం అనేది లేదు. ఆవిడ పోయి పదకొండేళ్ళయినా ఆ పెళ్ళి ఆర్డర్లు మాత్రం ఆగలేదు. రాజరత్నం దాని గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు, పిలవడమూ మానలేదు.

స్టూలెక్కి, కెమెరాని గుడ్డకి సరిగ్గా పైన నిలిపి, ఊపిరి బిగబట్టి తీశాడు. మళ్ళీ తీశాడు. పదో పన్నెండో తీసి, వాటిలో ఒకటి తెర మీద పెద్దది చేసి చూసుకున్నాడు. ప్రతి మర తలా తెలుస్తోంది. మోటారు మీద రాగితీగ పోగుపోగూ లెక్కపెట్టొచ్చు. ఏ సెల్‌ఫోను వల్లా కాదిది. ఒక్కసారిగా అతనికి ధైర్యం వచ్చేసింది. ఇన్నేళ్ళూ అడగనిది, అడగడానికి మొహమాటపడ్డది, స్టూలు మీంచి వంగి కెమెరా ఆయన ముందుకి చాపి అడిగేశాడు.

"చూడండి రత్నంగారూ. కుదిరిందా?"

రాజరత్నం తల వంచుకుని కూర్చున్నాడు. చూపు ఒళ్ళో ఉంది. మాట లేదు.

"కుదిరిందాండీ?"

ఎదురుగా చెయ్యి చాపి అడుగుతుంటే తలెత్తని మనిషిని చూసి ప్రసన్నకుమార్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల అడిగితే ఈపాటికి కళ్ళజోడు సవరించుకుని, ఫోను చేతిలోకి తీసుకుని, మురిసిపోయి ఉండేవాడు. పరాయివాణ్ణి కదా. బాగుంది అని అబద్ధం చెప్పడానికి కూడా నోరు రావట్లేదు. సరే, చెప్పకపోతే మానె. కెమెరా మెడలో వేసుకుని, స్టాండు మడిచి, స్టూలు చంకలో పెట్టుకుని, మళ్ళీ ఆయన వంక చూడకుండా తన కొట్టులోకి వచ్చేశాడు. షట్టరు సగం కిందికి లాగాడు కూడా.

ఫోటో కాలేజీకి పంపి అన్నం తినడానికి కూర్చున్నాడు. రామలక్ష్మి క్యారేజీలో వంకాయ కూర పెట్టింది. రోజూ ఒంటిగంటకి గోడ అవతలనుంచి, "తిన్నారాండీ?" అని ఒక కేక వస్తుంది. "ఆయ్, తింటున్నానండి" అని ఇతను. ఇరవై రెండేళ్ళ కేక అది. ఇవాళ అదీ లేదు. ఓహో, ఇంతదాకా వచ్చిందన్నమాట, అనుకున్నాడు ప్రసన్నకుమార్. నేనూ అడగను. వంకాయ కూర చివరి ముద్దదాకా కోపంగా తిన్నాడు.

చెయ్యి కడుక్కుంటుంటే ఫోను మోగింది. కాలేజీవాళ్ళ మెసేజి. "ఇదీ అలాగే ఉందండి. మేడంగారినే తీయమంటాం. ఏమీ అనుకోకండి."

రెండింటికి రత్తమ్మ వచ్చింది. పక్క కొట్టు ముందు నిలబడి, "రత్నంగారండీ, అయిపోయిందాండీ?" అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. లోపలికి వెళ్ళిన చప్పుడు. తర్వాత కాసేపటికి ఆవిడ సగం దించిన షట్టరు కింద నుంచి వంగి చూసింది.

"బాబుగారూ, ఓసారి రండి. ఆయన లేత్తం లేదండి."

ఆరెంపీ డాక్టరు చిట్టియ్యగారు వచ్చి చెయ్యి పట్టుకుని, కనురెప్ప ఎత్తి చూసి, "అయిపోయి రెండు గంటల పైనే అయ్యుంటుందండి. కూర్చున్నపాటున పోయినట్టున్నారు. బాధ తెలిసుండదు" అన్నాడు. అందరూ అదే మంచి చావన్నారు. ప్రసన్నకుమార్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. రెండు గంటలు అన్న మాట దగ్గరే అతని లెక్క ఆగిపోయింది. కుదిరిందా అని తను ఎవరిని అడిగాడో, జవాబు రాలేదని ఎవరి మీద షట్టరు దించుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. రత్తమ్మతో కూడా చెప్పలేదు.

ఆటోలో పేటకి తీసుకెళ్ళారు. ప్రసన్నకుమార్ కాళ్ళ దగ్గర కూర్చుని వెళ్ళాడు. ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. చిన్న ఇల్లు, వరండాలో బెంచీ, గోడ మీద చర్చి కేలండరు. రాజరత్నం భార్య పాపాయమ్మ ఏడవడం లేదు, దుప్పటి అంచులు సర్దుతూ కూర్చుంది. చర్చి గంట కొట్టారు. నాలుగింటికి ఆశాజ్యోతి రాజమండ్రి నుంచి వచ్చి పెదనాన్న గుండెల మీద పడి ఏడ్చింది. అలా పడి ఏడవగలిగే చనువు చూసి కూడా ప్రసన్నకుమార్‌కి లోపల ఎక్కడో చివుక్కుమంది. చివుక్కుమన్నందుకు తనమీద తనకే రోత పుట్టింది.

పక్కింటి ముసలమ్మ ఒకావిడ ముక్కు చీదుకుంటూ, "ఇంక మా విందులకి వడ్డించేదెవరే పాపాయమ్మా" అంది.

ఆశాజ్యోతి కళ్ళు తుడుచుకుని ప్రసన్నకుమార్ పక్కన బెంచీ మీద కూర్చుంది. "కోత పండక్కి, పెళ్ళిళ్ళకి, పెదనాన్నే వడ్డించాలంకుల్. నలభై ఏళ్ళు ఆయన చెయ్యే. ఆయన వడ్డిస్తే విస్తరి చూస్తేనే కడుపు నిండిపోయేది. కొట్లో స్పేరుపార్టులు కూడా అలాగే పెట్టేవారు. నేను చిన్నప్పుడు బడి నుంచొచ్చి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేదాన్ని. ఇది ఉప్పు, ఇది ఆవకాయ, ఇది పప్పు అని ఆడుకునేవాళ్ళం. మీకు తెలుసు కదా."

"తెలుసమ్మా" అన్నాడు ప్రసన్నకుమార్.

అతనికి తెలియదు. ఇరవై రెండేళ్ళలో ఆ చేతి వడ్డన ఒక్కసారీ తినలేదు, ఎదురుగా కూర్చోనూ లేదు. తెలియదని ఆ పిల్ల దగ్గర ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

కొట్టు తెరిచే ఉండిపోయిందని, తాళం వేసి రమ్మని పాపాయమ్మ తాళాలిచ్చింది. సమాధి రేపు పొద్దున్న. అయిదు దాటుతుండగా వచ్చాడు. మిక్సీ ముక్కలు గుడ్డ మీద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. గుమ్మంలో చెప్పులు వదిలి, గోడ వారగా నడిచి లోపలికి వెళ్ళాడు. గుడ్డకి అవతల, రోడ్డుకేసి ముఖం పెట్టి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఎదురుగా విస్తరి ఉంది.

పై అంచున ఎడమ మూల ఉప్పు ఉండేచోట చిన్న బిళ్ళ. దాని పక్కన ఆవకాయంత చోటులో మోటారుకి వేసే కొత్త కార్బన్లు రెండు. పచ్చడి దగ్గర రబ్బరు బుడిపెలు, కూరల దగ్గర మరలు, పప్పు దగ్గర చుట్టగా చుట్టిన వైరూ స్విచ్చీ. నడుమ అన్నం రాశి ఉండేచోట మోటారు. వెలుతురు ఎదురుగా రోడ్డుమీంచి వచ్చి పడుతుంటే ప్రతి ముక్కా పైకి పొంగి కనబడుతోంది. వడ్డించేవాడు విస్తరికి అవతలివైపు ఉంటాడు. తన వైపు నుంచి కాదు, తినేవాడి వైపు నుంచి చూసి పెడతాడు. ఈ సంగతి తెలియడానికి ఫోటోగ్రఫీ అక్కర్లేదు, ఒక్కపూట పంక్తిలో కూర్చుంటే చాలు.

ప్రసన్నకుమార్ మెడలోని కెమెరా తీసి పొద్దుటి ఫోటో తెరమీదకి తెచ్చాడు. గుంటలు పడ్డట్టుంది, నిజమే. కెమెరాని తలకిందులుగా తిప్పి పట్టుకున్నాడు. వెలుతురు ఇప్పుడు పైనుంచి పడుతున్నట్టయి గుంటలన్నీ పొంగాయి. మళ్ళీ తీయాల్సిన పని లేదు. వెనక్కి వచ్చిన ఆ నాలుగూ కూడా తిప్పితే సరిపోయేవి. ముప్ఫై ఏళ్ళూ నెత్తి ఉన్న మనుషుల్నీ చిగురు ఉన్న మొక్కల్నీ తీసినవాడికి, ఫోటోకి పైన ఏదో కింద ఏదో అడగాలని తోచలేదు. 'అటెళ్ళి చూడండి' అని మనిషి నోరు తెరిచి చెప్పాడు. నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలో ఏడుపయింది.

ఫోటో తిప్పి ఆరుకి పది నిమిషాల ముందు పంపాడు. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "పర్ఫెక్ట్ సార్! ఇదే కావాలి. పన్నెండూ అయిపోయాయి." చదివి ఫోను బోర్లా పెట్టాడు. ఆ మాటకోసం కాదు అతను మూడు నెలలు ఏడ్చింది.

రత్తమ్మకి మిక్సీ ఇవ్వాలి. బాగుచేయాల్సింది రాజరత్నం చేసేశాడు, కూర్చడమే మిగిలింది. వీపు వెనకాల నుంచి చూసిన ఇరవై రెండేళ్ళు కొంత పనికొచ్చాయి. చివర పెట్టినది ముందు తీసి, ముందు పెట్టినది చివర తీసి, మోటారు కూర్చోబెట్టి, కార్బన్లు దూర్చి, వైరు కలిపి, అడుగు రేకు మూసి మరలన్నీ బిగించాడు. ప్లగ్గు పెట్టి మీట తిప్పాడు. మిక్సీ ఒక్కసారి ఝుమ్మని తిరిగింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. చప్పుడులో ఏ తేడా లేదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది, అనలేదు.

గుడ్డ మడవబోయి ఆగాడు. ఉప్పు మూలలో బిళ్ళ మిగిలిపోయింది.

ఎక్కడిది మరిచిపోయానా అని మిక్సీని అటూ ఇటూ తిప్పి చూశాడు. దానికి ఆ బిళ్ళ పట్టే చోటే లేదు. ఇది ఇత్తడి, ఏనాటిదో పాత రేడియోది. రాజరత్నం రుమాలు గుడ్డ పక్కనే పడి ఉంది, దాని కొసన పచ్చటి చిలుము మరక. పొద్దున్న కూర్చుని ఆయన దీన్ని తళతళలాడేలా తోమాడు. మిక్సీలో ఉప్పుకి సరిపోయే ముక్క లేదు, ఆ మూల వెలితిగా ఉంటే ప్రసన్నగారి ఫోటోకి బాగుండదని ఎక్కణ్ణించో వెతికి తెచ్చి పెట్టాడు.

ఆ సమయంలో కూడా బుద్ధి పోనిచ్చుకోలేదు ప్రసన్నకుమార్. ఫోను తీసి ఆశాజ్యోతి ఫోటోలు పదకొండూ ఒక్కొక్కటే తెరిచి చూశాడు. రేడియో ఫోటోలో ఉప్పు మూల రేడియో స్ప్రింగుంది. గడియారంలో గడియారం ముల్లు మేకు. రిమోటులో రిమోటు మర. సెల్‌ఫోనులో, ఇస్త్రీపెట్టెలో, అన్నిటిలోనూ దేని ముక్క దానిదే. బయటి నుంచి తెచ్చి పెట్టింది ఆ పదకొండిటిలో ఎక్కడా లేదు.

రోడ్డు మీద లైట్లు వెలిగాయి. గుమ్మంలోంచి రత్తమ్మ, "అయిందాండీ బాబుగారూ?" అంటోంది. అతను గుడ్డ మడవకుండా అలాగే కూర్చున్నాడు, ఎదురుగా ఖాళీ విస్తరి మూల మీద ఆ ఇత్తడి బిళ్ళ ఉంది.